పుత్లీబౌలి పోరాట వీధి: పరిరక్షణ సమస్య

తెలంగాణ జిల్లాలలో ఎవరైనా లేని గొప్పలకు పోతే "నువ్వేమన్న పెద్ద తుర్రుంఖాన్‌వా?" అని అడగడం పరిపాటి. సూర్యాపేట, తిరుమలగిరి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఈ మాట వినని వారు అరుదు. హిందూ ముస్లిం భేదం లేకుండా అందరి నోటా నలిగిన ఈ మాట వెనుక నిజంగానే ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్ అనీ చెప్పుకుంటారు. 1857లో హైదరాబాదు నగరంలో, బ్రిటిష్ రెసిడెన్సీ గోడల ఎదుట ఆయుధం పట్టి నిలిచినవాడాయన. సాహసానికి గుర్తుగా పుట్టిన పేరు కాలక్రమంలో ఎగతాళి మాటగా మారినది. అయినా పేరైతే మిగిలినది. ఆయన నిలిచిన వీధి మాత్రం ఆనవాళ్ళు కోల్పోతున్నది.

ఆ వీధి పుత్లీబౌలి. నేటి కోఠి, సుల్తాన్‌బజార్ ప్రాంతాలను ఆనుకొని ఉన్నది. పాఠ్యపుస్తకాల కోసమో, పెళ్ళి బట్టల కోసమో జిల్లాల నుండి రాజధానికి వచ్చి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి కోఠికి నడిచే వారంతా ఈ పోరాట స్థలికి కూతవేటు దూరం నుండే పోతుంటారు. అక్కడ ఏమి జరిగినది, అందులో నేటికి ఏది మిగిలినది, మిగిలినదానిని వ్యాపారుల పొట్ట కొట్టకుండా కాపాడుకొనే మార్గమేమిటి అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

రెసిడెన్సీ, దాని చుట్టూ వెలసిన బజారు

మూసీనది ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ భవనాన్ని నిర్మింపజేసినవాడు జేమ్స్ అకిలెస్ కర్క్‌పాట్రిక్. ఆయన 1798 నుండి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్నాడు. హైదరాబాదు ప్రముఖుల ఇంటి ఆడపడుచు ఖైరున్నీసాను వివాహమాడినవాడు కూడా ఆయనే. కొరింథియన్ పద్ధతి స్తంభాలతో, మెట్లకు ఇరువైపులా సింహాలతో కట్టిన ఆ మహాసౌధానికి ఖర్చు భరించినది నిజాం ప్రభుత్వం. కంపెనీ అధికారం నిజాం రాజ్యంపై ఏ తీరుగా సాగిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలును.

రెసిడెన్సీ గోడల వెలుపల క్రమంగా పెద్ద బజారు ఏర్పడినది. నిజాం రాజ్యం మధ్యనే ఉన్నా ఆ బజారుపై అధికారం రెసిడెంటుది. అందువలన సాహుకార్లు, వర్తకులు అక్కడ పెద్ద పెద్ద మేడలు కట్టుకొని స్థిరపడ్డారు. రెసిడెన్సీ బజార్‌గా పేరు పొందిన ఈ ప్రాంతం 1933లో తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కి, సుల్తాన్‌బజార్‌గా మారినది. నేడు అక్కడ కనిపించే వ్యాపార రద్దీ నిన్న మొన్న పుట్టినది కాదనీ, దానికి రెండు శతాబ్దాల పునాది ఉన్నదనీ ఇందువలన గ్రహించవచ్చు. పోరాటం జరిగినది కూడా ఆ బజారు మేడల మీదనే.

1857 జూలై 17

ఉత్తర హిందూస్థానంలో చెలరేగిన తిరుగుబాటు 1857 జూన్‌లో ఔరంగాబాద్‌కు పాకినది. అక్కడి హైదరాబాద్ కంటింజెంట్ అశ్వికదళానికి చెందిన జమేదార్ చీదాఖాన్, ఢిల్లీ వైపు పోవలసినదిగా వచ్చిన ఆజ్ఞను ధిక్కరించి, కొద్దిమంది అనుచరులతో హైదరాబాదు చేరుకున్నాడు. దివాను సాలార్‌జంగ్ అతనిని నిర్బంధించి రెసిడెన్సీకి అప్పగించాడు. నిజాం అఫ్జలుద్దౌలా గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలు మాత్రమే అయినది. చీదాఖాన్ అప్పగింత వార్త నగరంలో ఆగ్రహం రగిల్చినది.

జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజుకు వచ్చిన ప్రజలలో, ఖైదీలను విడిపించాలన్న పట్టుదల బలపడినది. మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్, బేగంబజార్‌కు చెందిన రొహిల్లా నాయకుడు తుర్రేబాజ్ ఖాన్ ముందు నిలిచారు. సుమారు 500 మంది రొహిల్లాలు, వారితోపాటు నగర ప్రజలు రెసిడెన్సీ వైపు సాగారు. సాలార్‌జంగ్ ఈ సంగతి ముందుగానే రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సన్‌కు తెలియజేశాడు. అందుచేత రెసిడెన్సీలో ఫిరంగులు సిద్ధంగా ఉన్నవి.

ఇక్కడే వీధి ప్రాముఖ్యం కనిపిస్తుంది. దాడి చేసినవారు బహిరంగ మైదానంలో నిలువలేదు. పుత్లీబౌలిలో, రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న రెండు పెద్ద మేడలను ఆక్రమించారు. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, రెండవది జైగోపాల్ దాస్‌ది. మేడల పైనుండి రెసిడెన్సీ తోటలోకి కాల్పులు జరిగినవి. రెసిడెన్సీ నుండి మద్రాసు అశ్విక ఫిరంగిదళం ఎదురుకాల్పులు జరిపినది. సాయంకాలం మొదలైన పోరు రాత్రంతా సాగి, తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో ఆగినది. ఫిరంగుల ముందు తుపాకులు నిలువలేక పోయినవి.

తుర్రేబాజ్ ఖాన్ కొద్ది రోజులలోనే పట్టుబడ్డాడు. మౌల్వీ అలావుద్దీన్ ఎక్కడ దాగినదీ చెప్పుమని ఎంత నిర్బంధించినా ఆయన నోరు విప్పలేదు. ద్వీపాంతర శిక్ష విధించగా 1859 జనవరిలో కావలి నుండి తప్పించుకున్నాడు. ఆయనను పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. అదే నెల 24న తూప్రాన్ వద్ద ఆయనను చంపి, శవాన్ని నగరానికి తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్ కూడా చివరకు పట్టుబడి 1859లో అండమాన్ చేరాడు. అక్కడే కన్నుమూశాడు.

కాపాడబడిన పక్షం, మరుగునపడిన పక్షం

ఆ రాత్రి పోరుకు రెండు కొసలున్నవి. ఒక కొస రెసిడెన్సీ. రెండవ కొస పుత్లీబౌలి మేడలు. ఈ రెండింటి గతిని పోల్చి చూస్తే సమస్య స్వరూపం తేటపడుతుంది.

రెసిడెన్సీ భవనంలోకి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల వచ్చినది. చదువుకొనే ఆడపిల్లల వలననే ఆ భవనం నిలిచినదని చెప్పవచ్చు. అయినా మరమ్మతులు లేక శిథిలావస్థకు చేరగా, ప్రపంచ స్మారక నిధి సంస్థ 2002లో దీనిని ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చినది. తరువాత సంవత్సరాల తరబడి పునరుద్ధరణ సాగినది. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఎదిగి, 2024లో చాకలి ఐలమ్మ పేరు పొందినది. ఇవన్నీ సంతోషించదగిన విషయాలే.

ఇక రెండవ కొస. అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల మేడలను వెదుక్కుంటూ నేడు పుత్లీబౌలికి పోయే బాటసారికి కనిపించేవి దుకాణాల వరుసలు, గోదాములు, నామఫలకాలు. కోఠిలో ఒక స్మారక స్తంభమూ, తుర్రేబాజ్ ఖాన్ పేరుతో ఒక రోడ్డూ ఉన్నవి. బస్సుల రద్దీలో ఆ స్తంభాన్ని ఆగి చూచేవారు తక్కువ. అంటే, దాడికి గురైన సౌధం నిలిచినది. దాడి చేసినవారు నిలిచిన నేల బజారులో కలసిపోయినది. లక్నోలో కూడా ఫిరంగి దెబ్బలు తిన్న రెసిడెన్సీ శిథిలాలే అందరూ చూచే స్మారకమైనవి. ఢిల్లీలోనైతే తిరుగుబాటు అణగిన పిమ్మట ఎర్రకోట చుట్టూ ఉన్న ముహల్లాలను బ్రిటిష్ వారే నేలమట్టం చేశారు. పాలకుల సౌధాలు రాతితోనూ, ప్రజల పోరాట స్థలాలు ఇటుక, మట్టి, కలపతోనూ కట్టినవి కావడం వలన కాలం కూడా పాలకుల పక్షమే వహిస్తున్నది.

వ్యాపార విస్తరణ ఒత్తిడి

కోఠి, సుల్తాన్‌బజార్‌లలో భూమి విలువ మిక్కిలి ఎక్కువ. పాత మేడ ఒకటి నాలుగైదు వాటాలుగా పంచుకున్న వారసులకు దాని మరమ్మతు భారం. కూలగొట్టి అంతస్తుల దుకాణ సముదాయం కట్టిస్తే ఆదాయం. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. లెక్క అటువంటిది. రోడ్డు వెడల్పు, వాహనాలు నిలుపు స్థలం, రవాణా అవసరాలు దీనికి తోడవుతున్నవి.

మెట్రో రైలు మార్గమే ఇందుకు ఉదాహరణ. ఇరుకైన సుల్తాన్‌బజార్ గుండా మార్గం వేస్తే పాత బజారు దెబ్బతింటుందని వ్యాపారులు సంవత్సరాల తరబడి ఆందోళన చేశారు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం మార్గం మార్పును ప్రతిపాదించినది. అయినా చివరకు రైలు సుల్తాన్‌బజార్ మీదుగానే నడిచినది. 2020 ఫిబ్రవరి 7న ఆ మార్గం ప్రారంభమైనది. ఇక్కడ ముఖ్యంగా గుర్తించవలసినది, బజారును కాపాడాలని వీధిలోకి వచ్చినవారు చిన్న దుకాణదారులు కావడం. పాత వీధికీ వ్యాపారికీ వైరమున్నదన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. పాత వీధి పోతే ముందుగా నష్టపోయేది చిన్న వ్యాపారియే.

వీధియే సాక్ష్యం

"మేడలే మారిపోయిన తరువాత ఇక కాపాడేదేమున్నది?" అని కొందరు ప్రశ్నించవచ్చు. నగరంలో జరిగిన పోరుకు సాక్ష్యం కట్టడం ఒక్కటే కాదు. మేడకూ గోడకూ మధ్య ఎడమెంత, సందు ఎటు మలుపు తిరిగినది, ఏ ఎత్తు నుండి ఏ ద్వారం కనిపించేది, వచ్చినవారు ఏ దారిన వచ్చి ఏ దారిన పోగలిగారు అన్నవన్నీ సాక్ష్యాలే. నేడు పాతబస్తీ నుండి అఫ్జల్‌గంజ్‌కు కలిపే నయాపూల్ వంతెన ఆనాటికి ఇంకా లేదు. ఈ ఒక్క సంగతి మరచినా, మక్కా మసీదు నుండి రెసిడెన్సీ వరకు ఆ జనం నడిచిన దారి తప్పుగా అర్థమవుతుంది. వీధి రూపురేఖలు చెరిగిపోతే చరిత్ర గ్రంథంలోని వాక్యాలను సరిచూచుకొనే ఆధారం పోతుంది.

ఇతర దేశాలలోనూ ఈ సమస్య ఉన్నది. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో 1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు జరిగినది. మంటలలో చిక్కిన తపాలా కార్యాలయాన్ని వదలిన తిరుగుబాటుదారులు మూర్ స్ట్రీట్ అనే బజారు వీధిలోని ఇండ్లలో చొరబడి, ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు పగులగొట్టుకుంటూ ముందుకు సాగారు. లొంగిపోవాలన్న నిర్ణయం ఆ ఇండ్లలోనే జరిగినది. 2007లో 14 నుండి 17 వరకు నంబర్లు గల నాలుగు ఇండ్లను మాత్రం జాతీయ స్మారకంగా ప్రకటించారు. మిగిలిన వీధిలో పెద్ద వాణిజ్య సముదాయం కట్టాలన్న యోచనపై వివాదం చెలరేగినది. నాలుగు ఇండ్లు కాదు, వీధి యావత్తూ పోరాట స్థలియేనని 2016 మార్చిలో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పినది. కాని జాతీయ స్మారకాన్ని నిర్ణయించే అధికారం న్యాయస్థానానిది కాదంటూ 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ప్రజల పట్టుదల ఎంత ఉన్నా, పరిరక్షణ ప్రకటన ముందుగా ప్రభుత్వం నుండి రాకపోతే న్యాయస్థానం ఒక్కటే వీధిని కాపాడలేదన్నది దీని సారాంశం.

అమృత్‌సర్ అనుభవం మరొకటి. జలియన్‌వాలాబాగ్‌కు పోయే ఇరుకు సందే 1919 నాటి ఘోరానికి అసలైన సాక్షి. 2021లో ఆ సందును కొత్త శిల్పాలతో, మెరుగైన నేలతో అలంకరించినప్పుడు చరిత్రకారులు పలువురు అభ్యంతరం చెప్పారు. కూలగొట్టడం వలననే కాదు, అతిగా ముస్తాబు చేయడం వలన కూడా స్థలం తన మాట తాను చెప్పలేకపోతుంది.

చట్టంలో ఉన్న అవకాశం

హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ 1981 నియమావళిలోని 13వ నిబంధన కింద నగరంలోని వారసత్వ కట్టడాలను జాబితా చేశారు. ఆ నిబంధన కట్టడాలనే గాక, చారిత్రక ప్రాధాన్యం గల ఆవరణలను కూడా పేర్కొన్నది. 2015లో ఆ నిబంధనను తొలగించి, 2017లో తెలంగాణ వారసత్వ చట్టాన్ని తెచ్చారు. అయినా పాత రక్షణ పూర్తిగా వ్యర్థం కాలేదు. ఇర్రం మంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసినది. జాబితాలో పేరు ఉండుట ఎంత అవసరమో దీనినిబట్టి తెలుస్తుంది. జాబితాలో పేరు లేని వీధి తరఫున ఎవరు కోర్టుకెక్కినా చూపడానికి కాగితం ఉండదు.

స్మృతి, ఆస్తి హక్కు: ఇస్లామీయ దృష్టి

పాత స్థలాలను కాపాడడంపై ముస్లిం సమాజంలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. స్థలాన్ని గౌరవించడం క్రమంగా ఆరాధనగా మారుతుందేమోనన్న జంకు ఒక పక్షానిది. మక్కాలో ఉస్మానీ తుర్కుల కాలపు అజ్యాద్ కోటను 2002లో తొలగించి, ఆ చోట ఎత్తైన హోటళ్ళ, దుకాణాల సముదాయం కట్టినప్పుడు ముస్లిం ప్రపంచంలో పెద్ద చర్చ జరిగినది. అయితే ఆరాధన భయం కారణంగా తొలగించడం వేరు, వ్యాపార లాభం కోసం తొలగించడం వేరు. పుత్లీబౌలిలో దర్గా లేదు, సమాధి లేదు, ఉరుసు లేదు. ఉన్నది గుణపాఠం మాత్రమే. భూమిపై సంచరించి పూర్వులకు ఏమి సంభవించిందో చూచి గ్రహించవలసినదిగా ఖుర్‌ఆన్ పలుమార్లు మానవులకు బోధిస్తున్నది. చూడడానికి స్థలమే లేకుండా పోతే ఆ గ్రహింపుకు ఆధారమేది?

ఆస్తి హక్కు విషయంలో చరిత్రకారులు పేర్కొనే ఒక ఉదంతం ఇక్కడ స్మరణీయం. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో మస్జిదె నబవీని విస్తరింపదలచి, ప్రక్కనే ఉన్న హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటిని కోరారు. యజమాని అంగీకరించలేదు. తగవు హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) ముందుకు పోయినది. యజమాని సమ్మతి లేనిదే ఖలీఫా సైతం ఇల్లు తీసుకొనరాదని ఆయన తీర్పు చెప్పారు. ఖలీఫా తలవంచారు. పిమ్మట అబ్బాస్ (రజి) ఆ ఇంటిని స్వచ్ఛందంగా ఇచ్చివేశారు. మసీదు విస్తరణ వంటి పుణ్యకార్యానికే సమ్మతి అవసరమైనప్పుడు, వీధి పరిరక్షణ పేరిట దుకాణదారుని గొంతు నొక్కడం ఎట్లు న్యాయమవుతుంది? అదే విధంగా, పెద్ద సముదాయం కోసం చిన్న కిరాయిదారును వెళ్ళగొట్టడం కూడా న్యాయం కాదు.

చేయదగిన పనులు

మొదటిది, స్థల నిర్ణయం. 1908 మూసీ వరదల తరువాత, 1910వ దశకంలో, లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని ఇంటింటి వరకు కొలిచి పటాలు గీశారు. పోరాటానికీ ఆ పటాలకూ మధ్య ఎడం 60 సంవత్సరాల లోపే. వాటిని రాష్ట్ర అభిలేఖాగారంలోని, ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలోని రెసిడెన్సీ కాగితాలతో సరిపోల్చి, రెండు మేడల చోటును నిపుణులు గుర్తించాలి. ఊహాగానంతో ఫలకం పాతడం కంటే కొంత ఆలస్యమైనా సరియైన చోటు నిర్ణయించడం మేలు.

రెండవది, రెసిడెన్సీ గోడ, దాని ఎదుటి వీధి, పుత్లీబౌలి మలుపులు కలిపి ఒకే వారసత్వ ఆవరణగా ప్రకటించడం. ఆవరణలో వ్యాపారం ఆపనక్కరలేదు. వీధి వెడల్పు, ముందు వరుస ఎత్తు, పాత గోడలు మిగిలినచోట వాటి ముఖభాగం, ఈ మూడింటిని మార్చకుండా ఉంటే చాలు.

మూడవది, యజమానికి నష్టపరిహారం. రోడ్ల వెడల్పులో స్థలం కోల్పోయినవారికి నగరపాలక సంస్థ అభివృద్ధి హక్కుల బదిలీ పత్రాలు ఇస్తున్నది. తన స్థలంలో కట్టుకొనలేని అంతస్తులను యజమాని మరొకచోట కట్టుకొనవచ్చు, లేదా ఆ హక్కును అమ్ముకొనవచ్చు. ఎత్తు పరిమితి వలన నష్టపోయే పుత్లీబౌలి యజమానులకు ఇదే పద్ధతి వర్తింపజేస్తే, పరిరక్షణ శిక్షగా కాక ఒప్పందంగా మారుతుంది.

నాలుగవది, చెప్పే తీరు. ఆ రాత్రి కథలో రొహిల్లా ముస్లిములు ఉన్నారు. సాహుకారు జైగోపాల్ దాస్ మేడ ఉన్నది. ఫిరంగుల వెనుక మద్రాసు దళంలో ఈ దేశపు సిపాయిలూ ఉన్నారు. రెసిడెంటుకు ముందుగా వార్త పంపిన సాలార్‌జంగ్ ఉన్నాడు. ఆయన దూరదృష్టి రాజ్యాన్ని కాపాడినదని కొందరు, పరాయి పాలనకు అండ అయినదని కొందరు అంటారు. ఒక మతం గొప్పగానో, ఒకరి ద్రోహంగానో కుదించకుండా ఉన్నది ఉన్నట్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో ఫలకంపై వ్రాయడం అవసరం.

ఈ పని రాజధాని వారికి మాత్రమే సంబంధించినది కాదు. రెసిడెన్సీ ప్రక్కన పారిన మూసీయే సూర్యాపేట జిల్లా పొలాలను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. 1940లలో రైతాంగ పోరాటం నడిచిన సూర్యాపేట, జనగామ తాలూకాలలో కూడా కూలిన గడీల గోడలు, ఊరి బురుజులు, ఘర్షణలు జరిగిన బాటలు ప్లాట్లుగా, దుకాణాలుగా మారుతున్నవి. ప్రతి ఊరి పెద్దలు తమకు తెలిసిన స్థలాలను వ్రాసి పెట్టి, గ్రామపంచాయతీకో పురపాలక సంఘానికో అందజేస్తే అదే మొదటి జాబితా అవుతుంది. కూల్చివేతకు అనుమతి ఇచ్చే గుమాస్తా బల్లపై ఆ జాబితా ఒకటి ఉన్నప్పుడు, సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేయడానికైనా అవకాశముంటుంది. పుత్లీబౌలి విషయంలో ఆ ప్రశ్న వేసే గడువు ఇంకా పూర్తిగా మించిపోలేదు.